అటకెక్కిన వాక్యూమ్ క్లీనర్, తగ్గని తుమ్ములు

హైదరాబాద్ నిజాంపేట నుంచి ఒక సోదరి రాశారు. పేరు వేయొద్దని కోరారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 34 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఆఫీసుకు వెళ్లాలి. నాలుగో అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాటు. భర్త, ఏడేళ్ల బాబు, 68 ఏళ్ల అత్తగారు ఉంటారు. ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంటు కడుతున్నారు, ఏడాదిగా ఒకటే దుమ్ము. బాబుకి పొద్దున లేవగానే వరసగా పది పదిహేను తుమ్ములు, రాత్రిళ్లు దగ్గు, వానాకాలంలో పిల్లికూతలు. పరీక్షలు చేయించారు. డస్ట్ మైట్స్ (ఇంటి దుమ్ములో ఉండే, కంటికి ఆనని పురుగులు) పడవని తేలింది. ఇన్‌హేలర్ వాడుతున్నారు. పడకగది శుభ్రంగా ఉంచమని డాక్టరు చెప్పారు. ఎలా ఉంచాలో అడిగే తీరిక డాక్టరు గదిలో దొరకలేదు.

రెండేళ్ల కిందట ఒక కంపెనీ అబ్బాయి ఇంటికొచ్చి డెమో ఇచ్చాడు. బాబు పరుపు మీద ఒక్క నిమిషం మిషన్ తిప్పి, తెల్లగుడ్డ మీద పడిన బూడిదలాంటి దుమ్ము చూపించాడు. ఆమెకు కళ్లనీళ్లొచ్చాయి. ఆ రోజే 19,000 రూపాయలు పెట్టి కొన్నారు. ఆరు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఇంట్లో వార్డ్‌రోబ్ పని జరిగింది. డ్రిల్లింగ్ దుమ్ము, రంపపు పొట్టు, పీవోపీ పొడి అన్నీ ఆ మిషన్‌తోనే లాగారు. అప్పటినుంచి లాగడం తగ్గింది. ఆమె ఫిల్టరు కడిగి, నీళ్లు విదిలించి, అదే రోజు బిగించారు. ముక్కవాసన మొదలైంది. ఇప్పుడు పది నిమిషాలు తిరిగి ఆగిపోతుంది, అరగంట పోయాక మళ్లీ తిరుగుతుంది. చూడ్డానికొచ్చిన టెక్నీషియన్ మోటారు పోయిందని, 4,500 అవుతుందని చెప్పాడు. మిషన్ అటకెక్కింది.

ఇప్పుడు భర్త 35,000 పెట్టి రోబో వాక్యూమ్ కొందాం, ఈఎంఐ కట్టుకోవచ్చు అంటున్నారు. అత్తగారు, "ఉన్నదే అటక మీద మూలుగుతోంది, ఇంకోటి దేనికి? నా కొడుకుని చీపురుతో ఊడ్చిన ఇంట్లోనే పెంచాను, వాడికేం కాలేదు" అంటున్నారు. పనావిడ మిషన్ ముట్టుకోనంటోంది. రాత్రి భోజనాల దగ్గర ఈ మాటే వచ్చి పెద్దదవుతోంది.

ఉత్తరం చివర ఇలా ఉంది: "నేను వాక్యూమ్ చేసిన రోజే వాడు ఎక్కువ తుమ్మేవాడు. శుభ్రం చేస్తున్నాననుకుని వాడికి నేనే హాని చేశానేమో అనిపిస్తోంది. ఏ మిషన్ కొనాలో చెప్పండి. అసలు కొనాలో వద్దో కూడా చెప్పండి."

* * *

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మిషన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు, బాబుకి మీరే హాని చేశారేమో అన్న మాట తీసుకుంటాను, ఎందుకంటే అది మనసులో ఉండగా ఏ మిషన్ కొన్నా దాన్ని ఆన్ చేయాలంటే మీకు భయమేస్తుంది.

మీరు గమనించింది నిజమే. వాక్యూమ్ చేసిన రోజు తుమ్ములు పెరగడం మీ ఊహ కాదు. ఈ మిషన్ ఒక పక్క నుంచి గాలి లాక్కుని ఇంకో పక్క నుంచి వదులుతుంది. కంటికి కనబడే దుమ్ము, వెంట్రుకలు, బియ్యపు గింజలు లోపలే ఉండిపోతాయి. ఫిల్టరు సరిగ్గా లేకపోతే సన్నటి దుమ్ము మాత్రం వెనక నుంచి బయటికొచ్చి గదంతా లేస్తుంది. నేల మీద ఊరికే పడున్న దుమ్మును లేపి, బాబు ముక్కు ఎత్తుకి తెచ్చినట్టవుతుంది. పైగా మీ ఫిల్టరు పీవోపీ పొడితో నిండిపోయింది, ఆ తర్వాత తడిగా బిగించారు. అలా బిగించకూడదని మీకు ఎవరు చెప్పారు? డెమోకి వచ్చిన అబ్బాయి పరుపులోంచి దుమ్ము తీసి చూపించాడు. ఫిల్టరు తీసి చూపించాడా? చూపించి ఉండడు. తెలియక జరిగినదానికి మిమ్మల్ని మీరు దోషిగా నిలబెట్టుకోకండి.

మీ బాబుకి సంబంధించిన ఒక పాత సంగతి చెబుతాను. 1907లో అమెరికాలో ఒహాయో రాష్ట్రం, కాంటన్ పట్టణంలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే పెద్దాయన ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. ఆయనకు ఉబ్బసం. తివాచీలు ఊడ్చినప్పుడల్లా దుమ్ము లేచి ఊపిరాడేది కాదు. ఒక ఫ్యాను మోటారు, చీపురు కర్ర, సంచిగా దిండు గలీబు, ఇలా చేతికి దొరికినవాటితో దుమ్ము లాగే మిషన్ తయారు చేసుకున్నాడు. 1908లో దానికి పేటెంటు వచ్చింది. తర్వాత ఆ హక్కులు హూవర్ కుటుంబం కొనుక్కుంది. చేత్తో నెట్టుకుంటూ వాడే వాక్యూమ్ క్లీనర్లు అలా ఇళ్లలోకి వచ్చాయి. ఊపిరాడని మనిషి తన ఊపిరి కోసం చేసుకున్న వస్తువిది. అందుకే మీ ఇంట్లో అది బాబుకి మేలు చేయాల్సిన వస్తువేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ రోజు దిండు గలీబు చేసిన పనే ఇప్పుడు బ్యాగు, ఫిల్టరు చేస్తున్నాయి. మీ కష్టమంతా అక్కడే ఉంది.

ఇప్పుడు మీ పాత మిషన్. పది నిమిషాలు తిరిగి ఆగిపోయి, చల్లారాక మళ్లీ తిరుగుతోందంటే మోటారు పోయిందని నేను వెంటనే ఒప్పుకోను. ఇళ్లలో వాడే మామూలు డ్రై మిషన్లలో ఫిల్టరు దాటిన గాలే మోటారు మీదుగా వెళ్లి దాన్ని చల్లబరుస్తుంది. దారి మూసుకుపోతే గాలి ఆడదు, మోటారు వేడెక్కుతుంది. కాలిపోకుండా లోపల ఒక రక్షణ స్విచ్చి ఉంటుంది, అది కరెంటు ఆపేస్తుంది. అంటే ఆ మిషన్ తనను తాను కాపాడుకుంటోంది. పోయిన మోటారు అరగంట తర్వాత మామూలుగా తిరగడం అరుదు.

ఒక ఆదివారం దాన్ని అటక దించండి. ప్లగ్గు తీసి ఉంచి, బ్యాగు తీసేయండి. పీవోపీ పట్టిన బ్యాగు దులిపి మళ్లీ వాడొద్దు, కాగితపు బ్యాగైనా గుడ్డ బ్యాగైనా దాని రంధ్రాలు పూడిపోయి ఉంటాయి. కొత్తది వేయండి. ఫిల్టర్లు సాధారణంగా రెండుంటాయి, మోటారుకి ముందొకటి, గాలి బయటికి పోయే చోట ఒకటి. రెండోదాన్ని చాలామంది ఎప్పుడూ తెరిచి చూడరు. రెండూ మార్చేయండి. పొడుగు పైపుని రెండు చివరలా పట్టుకుని, ఒక చివర నుంచి చిన్న రబ్బరు బంతో గోళీయో జారవిడవండి. అటు రాకపోతే మధ్యలో ఏదో అడ్డుపడింది. వార్డ్‌రోబ్ పనివాళ్ల చెక్క ముక్కలు ఇరుక్కునే చోటు అదే. ఇవన్నీ అయ్యాక పైపు తగిలించకుండా మిషన్ ఆన్ చేసి, పైపు పెట్టే రంధ్రం దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. గట్టిగా లాగుతుంటే మిషన్ బాగున్నట్టే. పైపు తగిలించాక తగ్గితే లోపం పైపులో ఉంది. ఫిల్టర్లు లేకుండా మాత్రం ఒక్క నిమిషం కూడా నడపొద్దు, దుమ్మంతా నేరుగా మోటారులోకి పోతుంది.

అన్నీ మార్చినా పది నిమిషాలకే ఆగుతున్నా, కాలిన వాసన వచ్చినా, లోపల నిప్పురవ్వలు గట్టిగా కనబడినా అప్పుడు టెక్నీషియన్ మాట వినండి. అప్పుడు కూడా కార్బన్ బ్రష్‌లు అరిగాయేమో చూడమని అడగండి. అవి మోటారు లోపల ఉండే, చాలా మోడళ్లలో విడిగా మార్చగలిగే చిన్న భాగాలు, వాటి ఖర్చు మోటారు ఖర్చులో కొంచెమే. బ్యాగులు, ఫిల్టర్లు కలిపి మోడల్‌ను బట్టి వెయ్యి నుంచి మూడు వేల దాకా అవ్వచ్చు. ఒకవేళ ఆ కంపెనీ వాళ్లు విడిభాగాలు ఇవ్వకుండా తిప్పుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. బిల్లు దగ్గర పెట్టుకోండి.

మిషన్ బాగయిందనుకుందాం. దానితోనే బాబు తుమ్ములు ఆగిపోతాయా? ఆగవు. ఇక్కడ మీతో దాపరికం లేకుండా మాట్లాడాలి.

డస్ట్ మైట్ అంటే కంటికి ఆనని పురుగు, మిల్లీమీటరులో పావువంతో మూడోవంతో ఉంటుంది. కుట్టదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. నీళ్లు తాగదు, గాలిలో ఉన్న తేమనే పీల్చుకుంటుంది. అందుకే మీ బాబుకి వానాకాలంలో ఎక్కువవుతోంది. పరుపు, దిండు, దుప్పటి, బొచ్చు బొమ్మలు దాని ఇళ్లు. బాబుకి పడనిది ప్రధానంగా దాని మలం. అది ఎండి పొడై, పరుపు కదిలినప్పుడు లేచి, ముక్కులోకి పోతుంది. బతికున్న పురుగులు నూలుపోగుల్ని గట్టిగా పట్టుకుని ఉంటాయి. మంచి వాక్యూమ్ కూడా పైపైన ఉన్న మలాన్ని, పొట్టుని లాగగలదు కానీ పరుపు లోతుల్లో ఉన్న పురుగుల్ని పూర్తిగా తీయలేదు. డెమోలో తెల్లగుడ్డ మీద చూపించిన దుమ్ము ఏ ఇంట్లో పరుపు మీదైనా వస్తుంది. మా ఇంట్లోనూ వస్తుంది. అది మీ ఇంటి మురికికి సాక్ష్యం కాదు. ఆ గుడ్డ చూసి మీరు పడిన బాధ ఇప్పటికైనా వదిలేయండి.

మీ ఉత్తరం బట్టి చూస్తే బాబు గదిలో మొదటి ఖర్చు పరుపుకీ దిండ్లకీ జిప్పుతో మూసే అలర్జీ కవర్లకు పెట్టడం మంచిది. పురుగు బయటికి రాదు, పొట్టు లోపలికి పోదు. ప్లాస్టిక్‌వి కాకుండా, నేత బాగా దగ్గరగా ఉన్న గుడ్డవి చూడండి, లేకపోతే వేసవిలో బాబుకి చెమట పట్టి నిద్రపోడు. దుప్పట్లు, గలీబులు వారానికొకసారి వేడినీళ్లలో, 60 డిగ్రీల దగ్గర ఉతకాలి. చన్నీళ్లలో ఉతికితే మలం పోతుంది, పురుగులు చాలావరకు బతికే ఉంటాయి. మీ వాషింగ్ మిషన్‌లో వేడినీళ్ల ప్రోగ్రాం ఉందో లేదో చూడండి. బొచ్చు బొమ్మలన్నీ తీసేయమని చాలామంది అంటారు. ఏడేళ్ల పిల్లాడి పక్కలోంచి వాడికిష్టమైన బొమ్మ లాక్కోవడం నాకు మాత్రం మనసొప్పదు. ఒక్కటి ఉంచండి. వారానికోసారి దాన్ని కవర్లో కట్టి ఒక రోజంతా ఫ్రీజర్‌లో పెట్టి, తీశాక ఉతికి ఎండలో ఆరేయండి. ఆ చలికి పురుగులు చస్తాయి.

మంచం మీద తిరిగే ఫ్యాను రెక్కలు కూడా చూడండి. దుమ్ము గీతలా పేరుకుని, ఫ్యాను వేసిన ప్రతిసారీ కొంచెం కొంచెం పరుపు మీద రాలుతుంది. పాత దిండు గలీబు ఒకటి తీసుకుని రెక్కకు తొడిగి, లోపలి వైపుకి నొక్కుతూ లాగితే దుమ్ము గలీబులోనే పడుతుంది. ఈ పని తర్వాతే పరుపు, పరుపు తర్వాతే నేల. చాలా ఇళ్లలో నేల ఊడ్చి తుడిచాక బూజు గుర్తొస్తుంది, పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

ఎదుటి అపార్ట్‌మెంటు దుమ్ము వేరే సమస్య. అది సిమెంటు, ఇసుక. పనివాళ్లు ఉన్న వేళల్లో అటువైపు కిటికీలు మూసి, సాయంత్రం పని ఆగాక తెరవండి. కిటికీ గట్ల మీద పేరుకున్న సిమెంటు పొడిని తడిగుడ్డతోనే తీయాలి. మిషన్‌తో లాగితే ఫిల్టరు మళ్లీ పూడిపోతుంది. ముగ్గుపిండి, విభూతి, బూడిద కూడా అంతే. అగరొత్తి నుసి, సాంబ్రాణి బూడిద వేడిగా ఉన్నప్పుడు లాగితే లోపల నిప్పంటుకునే ప్రమాదం ఉంది. ఇది పనావిడకీ అత్తగారికీ కూడా ఒకసారి చెప్పి ఉంచండి. తడి లాగే సౌకర్యం లేని మిషన్‌తో నీళ్ల చుక్క కూడా లాగకూడదు. ఆ సౌకర్యం ఉన్న మిషన్‌తో నీళ్లు లాగేటప్పుడు కూడా కాగితపు బ్యాగు తీసేసి, మాన్యువల్‌లో చెప్పిన ఫిల్టరు పెట్టుకోవాలి.

సరే, కొత్తది కొనాలా అన్న ప్రశ్నకి వద్దాం. మీ ముందు నాలుగు దారులున్నాయి.

పాతదాన్ని బాగుచేసుకోవడం మొదటిది. ఖర్చు తక్కువ, అత్తగారి మాట కూడా నిలుస్తుంది. కాకపోతే గాలి బయటికొచ్చే చోట ఆ మోడల్‌కు హెపా ఫిల్టరు (సన్నటి దుమ్మును కూడా ఆపే ఫిల్టరు) లేకపోతే బాబు విషయంలో పెద్ద మేలు జరగదు. యూరప్ ప్రమాణాల్లో హెచ్‌13 తరగతి హెపా ఫిల్టరు పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైన సన్నటి కణాల్లో కూడా కనీసం 99.95 శాతాన్ని ఆపాలి. ఆ కణాలు మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యోవంతు) మూడోవంతు కంటే పెద్దవి కావు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. "హెపా లాంటిది", "హెపా టైపు" అని పెట్టె మీద రాసుంటే ఆ మాటకు ఈ లెక్క వర్తించదు. మీ పాత మోడల్‌కు అసలైన హెపా ఫిల్టరు దొరుకుతుందా అని ముందు కనుక్కోండి. దొరక్కపోతే దాన్ని హాలుకీ, సోఫాలకీ, కిటికీ మెష్‌లకీ ఉంచుకుని, బాబు స్కూలుకి వెళ్లాకే వాడండి. వాడిన తర్వాత కనీసం అరగంట, వీలైతే గంటసేపు ఆ గదిలోకి వాణ్ని రానివ్వొద్దు. హెపా ఉన్నా ఈ నియమం పాటించడం మంచిది.

రెండోది, బ్యాగు, హెపా రెండూ ఉన్న కొత్త వైరు మిషన్. అలర్జీ ఉన్న ఇంటికి నేను మొదట చెప్పేది ఇదే. బ్యాగు లేని మిషన్లో డబ్బా దులిపేటప్పుడు లాగిన దుమ్ములో కొంత మళ్లీ మన మొహం మీదికే వస్తుంది. బ్యాగు అయితే మూతి మూసి పారేయవచ్చు. బదులుగా బ్యాగుల ఖర్చు జీవితాంతం ఉంటుంది. కొనే ముందు ఆ బ్యాగులు మూడేళ్ల తర్వాత కూడా దొరుకుతాయా, హైదరాబాద్‌లో సర్వీస్ సెంటరు ఉందా అని అడగండి. వాట్లు చూసి మోసపోవద్దు. వాట్లు ఆ మోటారు తాగే కరెంటు లెక్క, లాగే బలం లెక్క వేరు. యూరోపియన్ యూనియన్ 2017 సెప్టెంబరు నుంచి ఇళ్లలో వాడే వాక్యూమ్‌లు 900 వాట్లకు మించకూడదని నిబంధన పెట్టింది. అక్కడ చాలా ఇళ్లలో తివాచీలుంటాయి, వాటికే అది సరిపోతోంది. మీది టైల్స్ నేల. పైగా 1,600 వాట్ల మిషన్‌ను పడకగదిలోని చిన్న 6 ఆంప్ సాకెట్‌కి పెట్టకూడదు, ఏసీకో గీజరుకో ఇచ్చిన పెద్ద సాకెట్టు వెతుక్కోవాల్సి వస్తుంది.

మూడోది కార్డ్‌లెస్. తేలిగ్గా ఉంటుంది, గోడకి తగిలించుకోవచ్చు, పనావిడ కూడా భయపడకుండా పట్టుకుంటుంది. అటకెక్కని మిషన్ ఏదైనా ఉందంటే అదే, అంత సులువు కాబట్టి రోజూ వాడతారు. కానీ పెట్టె మీద 40 నిమిషాలని రాసింది తక్కువ వేగంలో. పరుపు మీద పూర్తి బలంతో వాడితే చాలావాటిలో పది నిమిషాలకే బ్యాటరీ అయిపోతుంది. కొన్నేళ్లకు బ్యాటరీ బలహీనపడుతుంది, దాన్ని విడిగా మార్చుకునే వీలుందో లేదో, ధర ఎంతో కొనే రోజే తెలుసుకోవాలి. డబ్బా చిన్నది, ప్రతిసారీ దులపాలి. ఆ పని బాబు లేని చోట, చెత్తబుట్టలో వేసిన కవరు లోపలికి డబ్బా దించి చేయాలి.

నాలుగోది మీవారు చెబుతున్న రోబో. ఆయన ఆలోచనలో మంచి ఉంది. మంచం కింద చేత్తో అందని చోట రోజూ దుమ్ము తీయడం రోబోకి బాగా చేతనైన పని, టైల్స్ నేల మీద అది చక్కగా నడుస్తుంది. బాబు స్కూల్లో ఉండగా నడిచేలా టైము పెట్టుకోవచ్చు. అయితే అది పరుపు ఎక్కదు, ఫ్యాను తుడవదు, కర్టెన్లు దులపదు. మీ బాబు సమస్య మొదలయ్యేదే పరుపు దగ్గర. కొనాలనుకుంటే ముందు టేపుతో రెండు కొలతలు తీసుకోమనండి. గుమ్మాల దగ్గర గడప ఎత్తు ఎంత? రెండు సెంటీమీటర్లు దాటితే చాలా రోబోలు దాటలేవు. మంచం కింద ఎంత సందుంది? చాలా రోబోల ఎత్తు పది సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మంచం కింద సూట్‌కేసులు ఉంటే ముందు అవి పోవాలి. నేల మీద ఛార్జరు వైర్లు, సాక్సులు ఉండకూడదు. రోజూ దాని చిన్న డబ్బా ఖాళీ చేయాలి, బ్రష్‌కు చుట్టుకున్న వెంట్రుకలు వారానికోసారి కత్తెరతో నిలువుగా కత్తిరించి లాగాలి.

ఈ చివరి వాక్యం దగ్గర ఆగి ఒక మాట అడగాలి. ఆ వెంట్రుకలు ఎవరు తీస్తారు?

మీ ఉత్తరంలో మిషన్ ఎవరు కొన్నారో ఉంది, ఎవరు వాడారో ఉంది, ఎవరు వద్దన్నారో ఉంది. బ్యాగు ఎవరు మార్చాలి అన్నది మాత్రం ఎక్కడా లేదు. ఆఫీసు, వంట, బాబు మందులు, అన్నీ చూసుకుంటూ ఆ పని కూడా మీదే అనుకుని చేశారు. వాక్యూమ్ క్లీనర్ ఊడ్చే శ్రమ తగ్గిస్తుంది కానీ, దాన్ని శుభ్రం చేసే కొత్త పని ఒకటి ఇంట్లోకి తెస్తుంది. ఆ పని ఎవరిదో తేలకపోతే 19,000 మిషనైనా 35,000 మిషనైనా ఏడాదిలో అటకెక్కుతుంది. కొత్తది కొనే ముందు మీ ఇంట్లో తేలాల్సింది ఇదేనని నాకు అనిపిస్తోంది.

మీవారితో రోబో వద్దని వాదించకండి. "తెచ్చుకుందాం, దాని డబ్బా, బ్రష్, ఫిల్టరు మీ బాధ్యత. ముందు అటక మీదున్నదాన్ని మీరే దించి, బ్యాగు, ఫిల్టర్లు మార్చి చూడండి. రెండు నెలలు మీరు చూసుకుంటే రోబో కూడా చూసుకోగలరు" అని నెమ్మదిగా అడగండి. ఆయన ఒప్పుకుంటే మిషన్ బాగుపడుతుంది, మీ భుజం మీద ఒక పని తగ్గుతుంది. నాకు టైము లేదంటే రోబో కూడా మీ నెత్తినే పడుతుందని ఈఎంఐ మొదలవ్వకముందే తెలుస్తుంది. తెలిశాక కూడా కొనుక్కోవచ్చు, అది మీ ఇద్దరి ఇష్టం. కనీసం తెలిసి కొంటారు.

ఆయన చూడాల్సింది పెద్దగా ఉండదు. బ్యాగు మూడొంతులు నిండగానే మార్చాలి, నిండేదాకా ఆగకూడదు. కడగొచ్చని రాసున్న ఫిల్టరునే కడగాలి, సబ్బు లేకుండా మామూలు నీళ్లతో. నీడలో పూర్తిగా ఒక రోజు ఆరనిచ్చి, చేత్తో తాకి చెమ్మ లేదనుకున్నాకే బిగించాలి. కాగితంతో చేసిన హెపా ఫిల్టరు కడిగితే పాడవుతుంది, దాన్ని మార్చడమే. వైరు లాగేటప్పుడు పసుపు గుర్తు కనబడగానే ఆపాలి, ఎర్ర గుర్తు దాటి లాగితే లోపల తెగుతుంది. ఏ ఫిల్టరు ఏ తేదీన మార్చారో మిషన్ మీదే చిన్న స్టిక్కరు అంటించి రాసుకుంటే చాలు.

పనావిడ సంగతి. ఆమె మొండితనం చేస్తోందని నాకనిపించలేదు. పాడైతే జీతంలో కోస్తారేమోనని భయపడి ఉంటుంది. పాడైనా నిన్నేమీ అనం అని ముందే స్పష్టంగా చెప్పి, ఒకసారి పక్కనుండి చూపించండి. పని పెరిగితే జీతం కూడా కొంత పెంచండి. కుదరదంటే బలవంతం వద్దు. బాబు గదిలో తడిగుడ్డతో మాత్రం తుడిస్తే చాలని చెప్పండి. నేల మీద దుమ్ముకు తడిగుడ్డ ఏ మిషన్‌కీ తీసిపోదు.

ఇక అత్తయ్యగారు. ఇక్కడ మీరు చాలా జాగ్రత్తగా అడుగు వేయాలి. "మీ చీపురు వల్లే బాబుకి తుమ్ములు" అన్న మాట ఒక్కసారి నోరు జారితే, ఆవిడ చేసిన ముప్పై నలభై ఏళ్ల చాకిరీని తప్పుపట్టినట్టు అవుతుంది. ఆవిడ మనవడిని ఏడిపించాలని ఊడవడం లేదు. పొడి చీపురు దుమ్ము లేపుతుందన్నది నిజం, కొత్త కొండచీపురు అయితే దాని పొట్టు కూడా రాలుతుంది. ఆ నిజం ఆవిడకు మాటలతో చెబితే గొడవవుతుంది, కళ్లతో చూస్తే అవదు. పొద్దున కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడే వేళ బాబు గదిలో ఆవిణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి. చీపురుతో నాలుగు సార్లు ఊడ్చి ఎండలో దుమ్ము ఎలా లేస్తుందో చూడండి. మర్నాడు అదే వేళకి తడిగుడ్డతో తుడిచి చూడండి. ఏమీ వివరించకండి. లేదంటే వచ్చేసారి డాక్టరు దగ్గరికి ఆవిణ్ని కూడా తీసుకెళ్లండి. కాకపోతే డాక్టరు కాస్త కటువుగా మాట్లాడితే ఆవిడ నొచ్చుకునే వీలుంది, అందుకే ఎండ దారే నాకు మెరుగనిపిస్తుంది.

హాలు, బాల్కనీ, పూజగది, గుమ్మం ముందు ఆవిడ చీపురుతోనే ఊడవనివ్వండి. బాబు గది ఒక్కటి మినహాయించమని అడగండి. మినహాయించమంటే మనసు కష్టపెట్టుకుంటారేమో, అందుకని ఆ గదిలో ఆవిడకే ఒక పని అప్పగించండి. దూది పరుపులు ఎండలో వేసి, తిప్పి, సాయంత్రం కర్రతో దులిపి లోపలికి తేవడం ఆవిడ తరానికి బాగా తెలుసు. ఎండకి పరుపులో తేమ పోతుంది, తేమ పోతే మైట్లు బతకలేవు. వాళ్లు ఊరికే చేసిన పని కాదది. దిండ్లు, దుప్పట్లు, సన్న పరుపు మేడ మీద ఎండలో వేయించే బాధ్యత ఆవిడకి ఇవ్వండి. మోయడం మీవారి పని, దులపడం బాబు లేనప్పుడు మేడ మీదే. ఎదురుగా దుమ్ము లేస్తున్న రోజుల్లో మాత్రం వద్దు, ఆదివారం పని ఆగినప్పుడు వేసుకోండి.

ఇవన్నీ చేసినా ఇన్‌హేలర్ మానొద్దు, డాక్టరు చెప్పకుండా తగ్గించొద్దు. ఇంట్లో ఎంత శుభ్రం చేసినా మందు మానేయడానికి అది కారణం కాదు. రాత్రి దగ్గుతో నిద్ర లేచే రోజులు పెరిగితే మిషన్ల గురించి ఆలోచించకుండా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పరుపులో ఏళ్లుగా పేరుకున్నది వారంలో పోదు. గోడ మీద క్యాలెండరులో బాబు పొద్దున ఎన్ని తుమ్ములు తుమ్మాడో రోజూ పెన్సిలుతో రాయండి. ఏ రోజు దుప్పట్లు ఉతికారో, ఏ రోజు వాక్యూమ్ తిప్పారో పక్కన చిన్న గుర్తు పెట్టండి. కావాలంటే ఆ లెక్క బాబునే రాయనివ్వండి, ఏడేళ్ల వాడికి అది సరదాగా ఉంటుంది. రెండు నెలలయ్యాక మీరు, మీవారు, అత్తయ్యగారు ఆ క్యాలెండరు ముందు పెట్టుకుని రోబో కొనాలా, కొత్త మిషన్ కొనాలా, ఉన్నదే చాలా అన్నది మాట్లాడుకోండి. అప్పుడు ఆ అంకెల్లో ఏముందో నాకూ రాయండి.